పసుపు పట్టీ కట్టుకున్న రెండు రోజులు

పోలీసు చర్య జరిగిన రెండో ఏడు, జొన్నలు ఇళ్ళకు చేరి చేలు ఖాళీ అయిన రోజుల్లో, మా ఊరి పెద్దపంతులుకు ఒక పిచ్చి పుట్టింది. ఆ మాట ఆయనదే. "నాకు పిచ్చి వుట్టింది, మీరందరు నన్ను జర పట్టుకోవాలె" అని బడి ముందర నిలబడి అందరికీ చెప్పాడు. నల్లగొండ దిక్కునా, పాలమూరు దిక్కునా భాగోతమంటే పడిచచ్చేవాళ్ళందరినీ మా ఊరికి పిలిచి రెండు రోజుల సభ పెట్టాలట. మొదటిరోజు నల్లగొండ మేళం, రెండోరోజు పాలమూరు మేళం, ఇద్దరూ ఒకే కథ ఆడాలట. చూసినవాళ్ళు ఎవరి రాణి గొప్పో, ఎవరి రాక్షసుడు గొప్పో అక్కడే కూర్చుని తేల్చుకోవాలట.

ఇప్పటివాళ్ళకు ఇది చిన్న సంగతిలా ఉంటుంది. మాకు అలా కాదు. అంతకు ముందు నాలుగైదేళ్ళు మా వైపు ఎవరూ గజ్జె కట్టలేదు. మొదట రజాకార్ల భయం. వాళ్ళు పోయాక, కమ్యూనిస్టుల సంగం దళాల కోసం ఊళ్ళు గాలించే మిలిటరీ భయం. పొద్దు గుంకిందంటే తలుపులు పడేవి. పాలమూరు మేళం వాళ్ళయితే కిరీటాలూ భుజకీర్తులూ గోనెసంచుల్లో కట్టి జొన్నల పాతరలో దాచిపెట్టారు. సభ సంగతి విని పైకి తీస్తే, రాజు కిరీటంలో ఎలుక పిల్లలు పెట్టి ఉంది.

నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. మాది ఊరికి తూర్పున విడిగా ఉన్న వాడ. తాతల కాలం నుంచి సెంటు భూమి లేదు. మా బాపు మిషన్ వాళ్ళలో కలిశాక నేను వాళ్ళ బడిలో నాలుగక్షరాలు నేర్చి, మిషన్ దవాఖానలో పని కుదుర్చుకున్నాను. గాయాలు కడగడం, కట్లు కట్టడం, కాన్పుల దగ్గర నీళ్ళు అందించడం నా పని. బాపుకు ఇద్దరు దేవుళ్ళుండేవాళ్ళు. ఆదివారం ప్రార్థనలో ఒకరు, మిగతా రోజుల్లో భాగోతం. పాస్టరయ్యకు తెలియకుండా ఎన్ని కోసులైనా నడిచి ఆట చూసి వచ్చేవాడు. చూడటమంటే దూరం నుంచే. ఊళ్ళల్లో మా వాళ్ళు అందరి వెనక, తాడు అవతల నిలబడాలి. ఆయనకు వేషాల మొహాలకంటే ముందున్నవాళ్ళ తలపాగాలే బాగా గుర్తు.

సభకు ఆడవాళ్ళు చాలామంది వస్తారు. వాళ్ళ వైపు చూసుకోవడానికి ఒక ఆడమనిషి కావాలని పంతులు ఊరంతా అడిగాడు. నలుగురిలో నిలబడడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒకరోజు దవాఖానకే వచ్చాడు.

"బిడ్డా, నువ్వు రోజూ పదిమందిని లైన్ల నిలబెడ్తవు. మా సభల గూడ గంతే. వస్తవా?"

"నేను చెప్తె ఎవరింటరు సారూ?"

"దవాఖానల ఇంటున్నరు గదా?"

"అక్కడ వాళ్ళకు నొప్పి ఉంటది, ఇంటరు."

ఆయన నవ్వి, "భాగోతం పిచ్చి గూడ నొప్పే" అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "మొగోళ్ళ నడుమ నిలవడితే రేపు నిన్నెవడు చేసుకుంటడే?" అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు బాపు ఆమెకు ఏం చెప్పాడో తెలియదు కానీ, పొద్దున్నే నా తల దువ్వి గట్టిగా జడ వేసి, "ఎండకు తలమీద కొంగు కప్పుకో" అంది. ఒప్పుకున్నట్టే లెక్క.

అనుమతి దగ్గర అసలు తిరకాసు వచ్చింది. పంతులు చదివిందంతా ఉర్దూలో. దరఖాస్తు రాయమంటే ముత్యాల్లాంటి ఉర్దూలో రాశాడు. తాలూకా కచేరీలో కొత్తగా వచ్చిన అధికారి వేరే రాష్ట్రం మనిషి, ఆయనకు ఉర్దూ లిపి రాదు. గుమాస్తా గట్టిగా చదివి వినిపిస్తున్నాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయి మింగలేక కక్కలేక చూశాడట. తమకు తాముగా వచ్చి సాయం చేసేవాళ్ళను ఉర్దూలో రజాకార్లంటారు. పంతులు పొరపాటేమీ రాయలేదు. "ఇరవై నలుగురు రజాకార్లు రెండు రోజులు జనాన్ని అదుపులో పెట్టుదురు" అని రాశాడు, అంతే.

"గా మాట వినంగనే ఆయన కుర్చీల నుంచి లేచిండు" అని పంతులు తర్వాత మాకు చెప్పాడు. "బయటున్న జవాను తుపాకి సదురుకున్నడు. నేను చేతులు జోడించి, అయ్యా, ఆ రజాకార్లు కాదు, నీళ్ళ కుండలు మోసే రజాకార్లు అంటున్న. నేను ఎంత చెప్తె అంత గలీజైతాంది."

చివరికి గుమాస్తా ఆ మాట కొట్టేసి, దాని మీద ఇంకేదైనా మాట రాయమన్నాడు. కార్యకర్తలంటే ఏ పార్టీ కార్యకర్తలని అడుగుతారు. సేవాదళమంటే దళమనే మాటకే జైలు. పంతులు చాలాసేపు ఆలోచించి "పని చేసే మనుషులు" అని రాసి దస్తకత్తు పెట్టాడు. అనుమతి వచ్చింది కానీ షరతులు పడ్డాయి. పొద్దు పొడిచాక మొదలుపెట్టి, పొద్దు గుంకకముందే ముగించాలి. నారాలు, అంటే నినాదాలు, ఇవ్వకూడదు. ఆయుధాలు ఉండకూడదు.

భాగోతం రాత్రి ఆట. దివిటీల వెలుగులో ఆడేది. ఎండలో ఆడటం ఎవరూ చూడలేదు. మేళం పెద్దలు తలలు పట్టుకున్నారు. కానీ నాలుగైదేళ్ళ ఆకలి మీద ఉన్నారు, సరేనన్నారు.

మాకు గుర్తు ఉండాలి కాబట్టి చేతికి పట్టీలు కట్టుకుందామనుకున్నాం. రంగు దగ్గర మళ్ళీ ఆగిపోయాం. ఎరుపు కడితే సంగం వాళ్ళంటారు. ఖాకీ పేరెత్తే పని లేదు. ఆకుపచ్చ కట్టి ఎవరూ తిరిగే రోజులు కావు. తెలుపైతే మాసిపోతుంది, పైగా ఏ పార్టీ టోపీయో గుర్తొస్తుంది. పంతులు భార్య లోపలి నుంచి విని, "పసుపు ఏ పార్టీదీ కాదు గదా" అంది. పాత ధోవతి చింపి పసుపునీళ్ళలో ముంచి ఇరవై నాలుగు పట్టీలు చేసింది. చెమటకు పసుపు కారి మొదటిరోజు మధ్యాహ్నానికే అందరి చేతులూ మోచేతిదాకా పచ్చబడ్డాయి. పెళ్ళికొడుకుల గుంపు తిరుగుతున్నట్టుంది.

సభకు జాగా ఇచ్చింది ఒక రైతు, తన జొన్నచేను. కోత అయిపోయి కొయ్యకాళ్ళు మిగిలి ఉన్నాయి. అవి పాదాల్లో దిగితే మేకుల్లాంటివి. మా మొట్టమొదటి పని ఆ కొయ్యకాళ్ళు పీకడం. రెండు రోజులు ఇరవై నలుగురమూ వంగి పీకాం. నేను కట్టిన కట్లలో సగం మావాళ్ళ చేతులకే. తర్వాత నాలుగు ఎడ్లబండ్లు విప్పి పక్కపక్కన పెట్టి, వాటిమీద పలకలు పరిచి అరుగు చేశాం. మగవాళ్ళ వైపుకూ ఆడవాళ్ళ వైపుకూ మధ్య ఒక తాడు. అడ్డంగా ఇంకో తాడు కట్టబోతే పంతులు వద్దన్నాడు.

"వెనక తాడు లేదు. ముందొచ్చినోళ్ళు ముందు కూసుంటరు. ఎవరైన సరే."

మా బాపు ఆ రోజు కొయ్యకాళ్ళు పీకడానికి వచ్చి ఉన్నాడు. పంతులు వైపు ఒకసారి చూసి మళ్ళీ వంగాడు. నీళ్ళకు కూడా ఊరికొకటి, వాడకొకటి అని రెండు గోళేలు వద్దని, ఒకటే పెద్ద మట్టి గోళెం పెట్టించాడు.

మొదటిరోజు తెల్లవారేసరికే జనం. పాలమూరులో కోస్గి దిక్కు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. నల్లగొండలో హాలియా దిక్కు నుంచి నడిచి వచ్చారు. మేము ఊహించనిదేమిటంటే, చాలామంది తమకు ఇష్టమైన వేషం తామే కట్టుకుని వచ్చారు. అట్టకు బంగారు రంగు కాగితం అంటించిన కిరీటాలు, కొబ్బరిపీచు మీసాలు, భార్యల చీరలు. ఒక కుమ్మరాయన రాక్షసరాజు వేషంతో, ముఖానికి నీలిమందు పూసుకుని పదహారు కోసులు నడిచి వచ్చాడు. దారిలో కుక్కలు తరిమాయట. మూతిమీద మీసం తీయకుండానే రాణి వేషం కట్టినవాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళు ఏ వైపు కూర్చోవాలో తెలియక తాడు దగ్గర నిలబడి నన్నే అడిగారు.

"మీసమున్న రాణులు అటు" అన్నాను. అదే నేనిచ్చిన మొదటి హుకుం. విన్నారు. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

మిలిటరీ క్యాంపు నుంచి ఒక జమేదారు ఇద్దరు జవాన్లతో వచ్చి దారి దగ్గర నిలబడ్డాడు. గుబురు మీసాల మనిషి, తెలుగు అప్పుడప్పుడే పట్టుబడుతోంది. ఆయుధాలు వద్దన్నారు కాబట్టి కట్టెకత్తులన్నీ, గదలన్నీ అక్కడే పెట్టించాడు. కాసేపటికి పెద్ద కుప్ప అయింది. సాయంత్రం వాటిని తిరిగి ఇచ్చేటప్పుడు మావాళ్ళకు పట్టిన చెమట అంతా ఇంతా కాదు. ప్రతి రాజూ అన్నిటికంటే పొడవైన కత్తే తనదన్నాడు.

ఆడవాళ్ళ వైపు అందరికంటే ముందు కూర్చున్నది ఒక ముసలవ్వ. బక్కపలచని మనిషి, భుజాన రొట్టెల మూట. నల్లగొండ దిక్కు నుంచి రెండు రోజులు నడిచి వచ్చింది, ఒక్కతే. అలవాటు కొద్దీ ఆమె కాళ్ళ బొబ్బలు చూసి పసరు రాశాను.

"ఇంట్ల ఎవరు లేరా అవ్వా? ఒక్కదానివే వచ్చినవు?"

"కొడుకున్నడు. జైల్ల ఉన్నడు, సంగంల తిరిగిండని పట్టుకపోయిండ్రు. ఏడ్చుడు ఇంటికాడ రోజూ ఉన్నదే. గీ రెండు రోజులు మా రాణిని చూసుకుంట." రాణి అంటే నల్లగొండ మేళంలో రాణి వేషం కట్టే ఆయన. యాభై ఏళ్ళ మనిషి. "వాడు ఏడిస్తె రాళ్ళు గూడ ఏడుస్తయి బిడ్డా" అంది.

ఎండ ఎక్కింది. అప్పుడు ఒక సవారీ బండి వచ్చింది, చుట్టూ దుప్పటి పరదాలు. దగ్గరలో పాలమూరు వైపు ఊళ్ళో దొరల గడి ఉంది, కోటంత ఇల్లు, అక్కడి దొరసాని. గొడవల రోజుల్లో దొరలంతా పట్నం పారిపోయి, పోలీసు చర్య అయ్యాక తిరిగి వచ్చారు. ఆమె పరదాలోంచి దిగగానే వెంట ఉన్న దాసీ చేతులూపుతూ ముందుకు నడిచింది.

"జరగుండ్రి, జరగుండ్రి, దొరసాని అస్తాంది!"

కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది ఆ మాటకు లేవబోయారు. ఎన్నో ఏళ్ళ అలవాటు అది. నా చేయి దానంతట అదే పైకి లేచింది. "కూసోండ్రి" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. తర్వాత దొరసానికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"దొరసానమ్మా, ముందొచ్చినోళ్ళు ముందు కూసుంటరు. పంతులు చెప్పిండు. మీకు గా పక్కన జాగా ఉన్నది."

దాసీ నోరు తెరిచింది. "ఏ వాడదానివే నువ్వు? ఎవరితోటి మాట్లాడుతున్నవో ఎరికేనా?"

"ఎరికే" అన్నాను.

దొరసాని నా మొహం చూసింది, చేతి పట్టీ చూసింది. ఆమె ఏం అనబోయిందో నాకు ఎప్పటికీ తెలియదు. సరిగ్గా అప్పుడే అరుగు మీద మద్దెల మోగింది, తాళాలు కలిశాయి. దొరసాని కళ్ళు నా మీద నుంచి అటు తిరిగాయి. "షురూ అయితాంది" అని తనలో తాను అనుకున్నట్టు అని, ఎక్కడ నిలబడి ఉందో అక్కడే, ఖాళీగా ఉన్న చాప మీద చతికిలబడింది. అది ముసలవ్వ పక్కన. దాసీ నిలబడే ఉంది. "కూసో, అడ్డమున్నవు" అంది దొరసాని.

అప్పుడు తెలిసింది మాకు, ఆమెకు ఉన్న పిచ్చి మా బాపుకంటే తక్కువదేమీ కాదని. పట్నంలో ఉన్నన్నాళ్ళు ఆట చూడలేదట. రాణి మొదటి పద్యం ఎత్తుకోగానే ఆమె పెదవులు కదలడం మొదలుపెట్టాయి. పక్కన అవ్వ పెదవులూ కదులుతున్నాయి. ఒక్క అక్షరం తప్పడం లేదు. నేను తాడు దగ్గర నిలబడి ఆటకంటే వాళ్ళిద్దరినే ఎక్కువ చూశాను.

ఎండలో భాగోతం సంగతి చెప్పాలి. దివిటీ వెలుగులో బంగారంలా ఉండే కిరీటం పగలు చూస్తే రేకే. రాక్షసుడి మొహం మీది నల్లరంగు చెమటకు కారి, మెడమీద చారలు పడి, రాక్షసుడు మసిబట్టలా తయారయ్యాడు. చిన్నపిల్లలు భయపడలేదు సరికదా, పక్కకు పోయి అతనికి నీళ్ళిచ్చారు. అయినా జనం కదలలేదు.

నీళ్ళ గోళెం దగ్గర ఒక మాట పడ్డాను. ఒకామె చెంబు చాచి, నా మొహం గుర్తుపట్టి వెనక్కు తీసుకుంది. "నాకు దూప లేదు" అంది. నేను గరిటె దించేసి పక్కనున్న ఆమెకు పోశాను. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు ఆమే మళ్ళీ వచ్చింది. చెంబు చాచి తల పక్కకు తిప్పుకుంది. పోశాను. తాగింది. చెంబులో నీళ్ళు పడుతుంటే నా కళ్ళు మండటం గుర్తుంది.

మా బాపు మాత్రం మగవాళ్ళ వైపు మొట్టమొదటి వరసలో ఉన్నాడు. రాత్రి మూడో జాముకే వచ్చి కూర్చున్నాడని తర్వాత తెలిసింది. పొద్దంతా నీళ్ళకు కూడా లేవలేదు. లేస్తే ఆ జాగా పోతుందని.

రెండోరోజు పొద్దున దొరసాని తొందరగా వచ్చింది. దాసీ లేదు. అవ్వ పక్కన తానే చాప పరచుకుంది. నేను దగ్గరలో కుండలు సర్దుతున్నాను.

"నీది ఏ ఊరు?" అని అడిగింది దొరసాని.

అవ్వ ఊరి పేరు చెప్పి, కొడుకు జైల్లో ఉన్నాడని కూడా చెప్పింది. ఆ ఊరి గడి తన పుట్టిల్లని దొరసాని అంది. గొడవల్లో సంగం వాళ్ళు దాన్ని తగలబెట్టారు. ఆ గడికీ అవ్వ కొడుకు జైలుకూ ఉన్న సంబంధం ఇద్దరికీ అర్థమైపోయింది, నాకు కూడా. నా చేతిలో కుండ నేల మీద పెట్టాలో వద్దో తోచలేదు. ఏదైనా మాట జారితే మధ్యలోకి పోవాల్సింది నేనే.

అవ్వ రొట్టె ముక్క విరిచి నమిలింది. దొరసాని అరుగు వైపు చూస్తూ ఉంది. చివరికి ఆమే, "నిన్న మీ రాణి అడవి పద్యం జర సాగదీసిండు" అంది.

"సాగదీయకపోతె ఏడుపెట్లొస్తది?" అంది అవ్వ వెంటనే. "ఇయ్యాల మీవోనిది చూస్త గదా."

నేను కుండ కింద పెట్టాను.

పాలమూరు మేళం రాణి వయసులో చిన్నవాడు, గొంతు మంచిదని పేరు. కానీ ముందురోజంతా దుమ్ములో ఎండలో నిలబడి నల్లగొండ వాళ్ళ ఆట చూసి, కేరింతలు కొట్టి గొంతు పాడుచేసుకున్నాడు. పొద్దు వంగే వేళకు అడవి ఘట్టం వచ్చింది. భర్త తప్పిపోతే రాణి అతన్ని అడవిలో వెతుక్కుంటూ ఏడవాలి. కథకంతా అదే గుండెకాయ. అతను నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. కీచుమంది. మద్దెల ఆగిపోయింది.

తెర పట్టి నన్ను వెనక్కు పిలిచారు. ఉప్పునీళ్ళు పుక్కిలి పట్టించి, దీపం పెట్టి గొంతు చూశాను. ఎర్రగా వాచి ఉంది. "ఇయ్యాల మాట్లాడినవంటే నెల రోజులు గొంతు రాదు" అన్నాను. రాణి వేషంలో ఉన్న ఆ మనిషి కాటుక కారిపోయేలా ఏడ్చాడు, చప్పుడు లేకుండా.

బయట గోల మొదలైంది. నల్లగొండ వాళ్ళు ఈలలు వేస్తున్నారు. పాలమూరు వాళ్ళు లేచి నిలబడ్డారు. మా పసుపు పట్టీల వాళ్ళు తాడు పట్టుకుని చేతులడ్డం పెట్టి నిలబడ్డారు. పొద్దు గుంకేలోపు ముగించాలి. పంతులు మొహంలో నెత్తురు లేదు.

"సారూ," అన్నాను, "ఆయన అభినయం చేస్తడు. పాట ఆడోళ్ళు పాడుతరు. నిన్నటి సంది చూస్తున్న, వాళ్ళకు మొత్తం కంఠతా వచ్చు."

పంతులు నన్ను చూసి, "పో" అన్నాడు.

నేను పరుగెత్తి దొరసాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. సంగతి చెప్పాను. ఆమె మొహం ఎర్రబడింది. "నేనా? గింతమందిల పాడుడా?" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. గడిలో ఆడవాళ్ళ గొంతు తలుపు దాటకూడదు. నాకూ తెలుసు.

అవ్వ మెడ సాచి మమ్మల్నిద్దరినీ చూసింది. "నీ రాణి గాడ నిలవడి ఏడుస్తాంటే నోరు మూసుకుంటవా? సరే తియ్, నేనే పాడుత" అని లేచి నిలబడి, బక్క గొంతుతో పద్యం ఎత్తుకుంది. ఎత్తుకున్నది నల్లగొండ వరసలో.

దొరసాని రెండు పాదాలు ఓర్చుకుంది. మూడో పాదానికి ఆగలేకపోయింది. "గట్ల కాదు! పాలమూరు వరస గట్ల ఉండదు!" అని కొంగు వదిలేసి, తానే సరిదిద్ది పాడింది. చాలా పెద్ద గొంతు ఆమెది. జొన్నచేను ఆ చివరిదాకా వినపడింది. గోల సగంలో ఆగిపోయింది. అవ్వ ఒక్క క్షణం విని, వరస పట్టుకుని ఆమెతో కలిసింది. వెనక కూర్చున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే కలిశారు. మద్దెల మోగింది. అరుగు మీద రాణి చేతులు చాచి ఒక్కో చెట్టునూ అడుగుతున్నాడు, వందమంది ఆడవాళ్ళు అతని కోసం ఏడుస్తున్నారు. ఈలలు వేసిన నల్లగొండ మగవాళ్ళు తలపాగాలతో కళ్ళు తుడుచుకున్నారు.

ఇంతమంది కలిసి పాడటం విని జమేదారు దారి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో లాఠీ. "బంద్ కరో! ఇది ఏం పాట? సంగం పాటనా? నారానా?"

నేనే దగ్గరున్నాను. పంతులు అరుగు అవతల ఉన్నాడు. "కాదు సాబ్. రాణి మొగుడు తప్పిపోయిండు. వెతుకుతాంది" అన్నాను.

"ఎవరు తప్పిపోయారు?" అని జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. రాసుకోబోయాడు.

"కథల సాబ్. కథల తప్పిపోయిండు."

ఆయన అరుగు వైపు చూశాడు. రాణి ఒక కొమ్మను పట్టుకుని కూలబడుతున్నాడు. జమేదారు పుస్తకం మూశాడు. లాఠీ చంకలో పెట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. ఎంతసేపటికీ పోలేదు. మొహం అటే ఉంది. కాసేపయ్యాక చిన్న గొంతుతో అడిగాడు. "దొరికాడా?"

"ఇంకా లేదు సాబ్. జర ఆగుండ్రి."

రాజు దొరికేసరికి పొద్దు కొండ అంచున ఉంది. జమేదారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. ఎవరి రాణి గొప్పో తేల్చడానికి పొద్దు మిగల్లేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆ పంచాయితీ మా వైపు ఇంకా తెగలేదు.

అవ్వ ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని తెల్లవారి బయల్దేరింది. సగం దూరం తన బండిలో దిగబెడతానని దొరసాని చెప్పి పంపింది. అవ్వ ఒప్పుకోలేదు. "పాడితె పాడిన గానీ, ఆ బండి మాత్రం ఎక్కను" అంది. ఆమెలో కోపమేమీ కనపడలేదు నాకు. మాట తేల్చి చెప్పి మూట భుజానేసుకుంది, అంతే. తర్వాత కొన్నాళ్ళకు ఆమె కొడుకు విడుదలయ్యాడని హాలియా దిక్కు నుంచి వచ్చిన ఒకతను చెప్పాడు. దొరసాని తన కోడలి కాన్పుకు మిషన్ దవాఖానకు బండి పంపి, పట్టీ కట్టుకున్న పిల్లనే పంపమన్నదట. నా పేరు అప్పటికీ అడగలేదు.

సభ అయిన మర్నాడు మాకు పని ఇంకా ఉంది. పలకలు మోయాలి, చాపలు ఇళ్ళిళ్ళకు చేర్చాలి, ఎవరూ అడగడానికి రాని చెప్పులు ఒకచోట కుప్ప వేయాలి. ఒక కొబ్బరిపీచు మీసం కూడా మిగిలింది. మధ్యాహ్నానికి పంతులు భార్య గంపలో జొన్నరొట్టెలు, కుండలో పచ్చిపులుసు తెచ్చింది. అందరం చేను గట్టు మీద ఎక్కడివాళ్ళం అక్కడే కూలబడ్డాం. ఒకతను జమేదారులాగా చంకలో కట్టె పెట్టుకుని "దొరికాడా?" అంటే అందరికీ పొలమారింది. పంతులు భార్య వరసగా వడ్డిస్తూ వచ్చింది. నా ముందర రొట్టె పెట్టి, "ఇంకొకటి తిను, నిన్న ఏం తిన్నవో ఏమో" అని నా పక్కన కాస్త జాగా చూసుకుని తనూ కూర్చుంది. రెండో రొట్టె సగం అయ్యాక గమనించాను, ఊరివాళ్ళూ వాడవాళ్ళూ కలిసి ఒకే వరసలో కూర్చుని ఉన్నామని. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. బాగా ఆకలిగా ఉంది, తిన్నాం.